పడవను మలిచే నియమాలు

పరుగు పందెంలో పాల్గొనేవారంతా ఒకే గీత దగ్గర నిలబడి, ఒకే నేల మీద, ఒకే దూరం పరుగెత్తుతారు కనుక అక్కడ న్యాయం అంటే ఏమిటో వేరుగా చెప్పుకోవలసిన పని ఉండదు. తెరచాప పడవల పందెంలో ఆ సౌలభ్యం లేదు. పడవల పొడవులు వేరు, బరువులు వేరు, తెరచాపల వైశాల్యాలు వేరు. నీటి మీద గీసిన బాట అంటూ ఉండదు. అన్నిటికీ మించి, పడవను నడిపే గాలి కొద్ది వందల మీటర్ల ఎడంలోనే దిశనూ జోరునూ మార్చుకుంటుంది. అందువల్ల ఒక పడవ ముందుగా గమ్యం చేరినప్పుడు గెలిచింది దాన్ని నడిపిన నావికుడా, దాని ఆకారాన్ని గీసిన రూపకర్తా, దానికి ఖర్చు పెట్టిన యజమానా, లేక ఆ పూట వీచిన గాలా అన్న ప్రశ్న మిగిలిపోతుంది. అంతర్జాతీయ యాటింగ్‌లో, అంటే పందెం కోసమో విహారం కోసమో కట్టిన తెరచాప పడవల పోటీల్లో, గడచిన 170 ఏళ్లకు పైగా తయారైన నియమాలన్నీ ఈ ప్రశ్నకు ఆయా కాలాలు ఇచ్చుకున్న జవాబులే. ఆ చరిత్రను శాస్త్రదృష్టితో చదివితే ఒక సంగతి మళ్లీ మళ్లీ ఎదురవుతుంది: నియమం పడవను కొలిచి ఊరుకోదు, రేపు కట్టబోయే పడవ ఏ ఆకారంలో ఉండాలో కూడా అదే నిర్ణయిస్తుంది.

1851 ఆగస్టు 22న ఇంగ్లండ్ దక్షిణ తీరానికి ఎదురుగా ఉన్న ఐల్ ఆఫ్ వైట్ ద్వీపం చుట్టూ రాయల్ యాట్ స్క్వాడ్రన్ అనే క్లబ్బు నిర్వహించిన పందెంలో, న్యూయార్క్ నుంచి అట్లాంటిక్ దాటి వచ్చిన 'అమెరికా' అనే రెండు స్తంభాల పడవ గెలిచింది. ఆ పడవ పేరు మీదనే ఆనాటి వెండి పాత్ర తరువాత అమెరికాస్ కప్‌గా ప్రసిద్ధమైంది. ఆ ఒక్క పందెంలోనే ఈ క్రీడకు సంబంధించిన రెండు పెద్ద చిక్కులు బయటపడ్డాయి. నాబ్ అనే చోట నిలిపిన దీపనౌకను బయటి వైపు నుంచి చుట్టి రావడం అక్కడి అలవాటు కాగా, 'అమెరికా'కు ఇచ్చిన సూచనల్లో ఆ మాట లేదు కనుక అది లోపలి నుంచే సాగిపోయి దూరం ఆదా చేసుకుంది. అభ్యంతరం వచ్చింది గానీ, రాసిపెట్టని అలవాటు నియమం కాదు కనుక అది నిలవలేదు. రెండో చిక్కు పడవల పరిమాణానికి సంబంధించింది. రెండో స్థానంలో వచ్చిన 'అరోరా' 47 టన్నుల చిన్న పడవ, 'అమెరికా' 170 టన్నులది. చిన్న పడవకు కొంత సమయాన్ని కలిపి లెక్కించే పద్ధతి అప్పటికే వాడుకలో ఉన్నా, ఆ పందేనికి దాన్ని వర్తింపజేయలేదు.

చిన్న పడవకు సమయం ఎందుకు కలపాలో తెలియాలంటే నీటి అలల సంగతి చూడాలి. నీటిని పక్కకు తోసుకుంటూ వెళ్లే పడవ తన ముక్కు దగ్గర ఒక అలను లేపుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల శిఖరానికీ, దాని వెనుక శిఖరానికీ మధ్య దూరం సాగుతుంది. ఒక వేగం దగ్గర ఆ దూరం, నీటిని తాకుతూ ఉన్న పడవ భాగపు పొడవుతో సమానమై, ముక్కు ఒక శిఖరం మీద, వెనుక భాగం మరో శిఖరం మీద నిలుస్తాయి. ఇంకా వేగం పెంచబోతే రెండో శిఖరం పడవను విడిచి వెనక్కి జరుగుతుంది, పడవ వెనుక భాగం పల్లంలోకి దిగుతుంది, ఆపైన పడవ తాను లేపిన అలనే ఎదురెక్కుతున్నట్టు అవుతుంది కనుక గాలి ఎంత జోరుగా ఉన్నా వేగం పెద్దగా పెరగదు. ఓడల చిన్న నమూనాలను నీటి తొట్టెల్లో లాగి ఈ నిరోధాన్ని శాస్త్రీయంగా కొలిచినవాడు 19వ శతాబ్దపు ఆంగ్ల ఇంజినీరు విలియం ఫ్రూడ్. లెక్క సులభమే: నీటిగీత పొడవును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని నాలుగున్నరతో హెచ్చిస్తే ఆ పడవకు సహజమైన గరిష్ఠ వేగం గంటకు కిలోమీటర్లలో దాదాపుగా వస్తుంది. 9 మీటర్ల పడవకు అది 13.5 కిలోమీటర్లు, 16 మీటర్ల పడవకు 18, 25 మీటర్ల పడవకు 22.5. అంటే ఎంతటి నేర్పరి అయినా 9 మీటర్ల పడవలో కూర్చుని 25 మీటర్ల పడవను తరిమి పట్టుకోలేడు. ఆ ఓటమికి కారణం అతనిలో లేదు, అలల భౌతికశాస్త్రంలో ఉంది.

ఈ అంతరాన్ని సరిదిద్దడానికి ప్రతి పడవకూ ఒక గుణకాన్ని కేటాయించి, అది పందేనికి తీసుకున్న సమయాన్ని దానితో హెచ్చించే పద్ధతి వచ్చింది. ఆ గుణకాన్నే రేటింగ్ అంటారు. ఉదాహరణకు 1.2 రేటింగ్ ఉన్న పెద్ద పడవ 100 నిమిషాల్లో గమ్యం చేరితే దాని సవరించిన సమయం 120 నిమిషాలు, 0.9 రేటింగ్ ఉన్న చిన్న పడవ అరగంట ఆలస్యంగా, 130 నిమిషాలకు చేరినా దాని సవరించిన సమయం 117 నిమిషాలే కనుక గెలుపు దానిదే అవుతుంది. కొన్ని పోటీల్లో సమయాన్ని హెచ్చించడానికి బదులు ప్రతి మైలుకూ ఇన్ని సెకన్లు అని తీసివేస్తారు. ఏ పద్ధతిలోనైనా గుణకం ఎలా వచ్చిందన్నదే కీలకం. పడవను కొలిచి ఆ సంఖ్యను తేల్చాలి. కొలవాలంటే దేన్ని కొలవాలో ముందే నిర్ణయించుకోవాలి. రూపకర్తలు సరిగ్గా ఆ నిర్ణయం దగ్గరే కాపు కాశారు. కొలతలో చేరిన ప్రతిదీ పడవకు భారం, కొలతకు అందని ప్రతిదీ ఉచితం. ఈ ఒక్క సూత్రంతో యాట్‌ల ఆకారాల చరిత్రలో చాలా భాగాన్ని వివరించవచ్చు.

అందుకు 1903 నాటి 'రిలయన్స్' కంటే స్పష్టమైన సాక్ష్యం లేదు. అప్పట్లో అమెరికాలో అమలులో ఉన్న సీవానాకా నియమం ప్రధానంగా రెండింటినే కొలిచేది: పడవ కదలకుండా నిటారుగా నిలిచి ఉన్నప్పటి నీటిగీత పొడవు, తెరచాప వైశాల్యం. గాలికి పడవ ఒక పక్కకు ఒరిగినప్పుడు ఏం జరుగుతుందో ఆ నియమానికి పట్టలేదు. నథానియల్ హెరెషాఫ్ అనే రూపకర్త 'రిలయన్స్' నీటిగీతను దాదాపు 27 మీటర్లకే పరిమితం చేసి, ముందూ వెనుకా నీటికి పైన చాచిన పొడవాటి కొనలతో పడవ దేహపు మొత్తం పొడవును దాదాపు 44 మీటర్లకు చేర్చాడు. రేవులో నిలిచి ఉన్నప్పుడు ఆ కొనలు గాలిలో ఉంటాయి కనుక కొలతలోకి రావు. పందెంలో పడవ ఒరగగానే అవి నీటిని తాకి నీటిగీతను పొడిగిస్తాయి, ఫ్రూడ్ లెక్క ప్రకారం వేగపు హద్దు కూడా దానితోపాటే పెరుగుతుంది. ఒకే స్తంభానికి సుమారు 1,500 చదరపు మీటర్ల తెరచాపలను ఎత్తి, అమెరికాస్ కప్ పోటీలో బ్రిటన్ పక్షాన థామస్ లిప్టన్ పంపిన 'షామ్‌రాక్ 3'ను ఆ పడవ మూడు పందేల్లోనూ ఓడించింది. అయితే అది ఆ కొలతకు తప్ప మరి దేనికీ పనికిరానంత అతి నిర్మాణం. పదేళ్లకే దాన్ని విప్పి తుక్కు కింద అమ్మేశారు. హెరెషాఫ్ గొప్పతనం మరోచోట ఉంది. తాను వాడుకున్న ఆ సందును మూసివేసే కొత్త నియమాన్ని, యూనివర్సల్ రూల్ పేరుతో, ఆయనే రాసి ఇచ్చాడు. పొడవునూ తెరచాపనూ లెక్కలోకి తీసుకుంటూనే, వచ్చినదాన్ని పడవ బరువు ఘనమూలంతో భాగించమని ఆ సూత్రం చెబుతుంది. అంటే తగినంత బరువుతో దృఢంగా కట్టిన పడవకు రేటింగ్‌లో మేలు జరుగుతుంది, తేలికపాటి డొల్ల నిర్మాణానికి ఆ మేలు దక్కదు.

కొలత సూత్రం ఎంత మంచిదైనా కొలిచిన పడవే పందెంలో దిగిందన్న నమ్మకం లేకపోతే అది వ్యర్థం. 1895 అమెరికాస్ కప్‌లో బ్రిటిష్ పక్షాన పోటీ చేసిన లార్డ్ డన్‌రేవన్, కొలతలు పూర్తయ్యాక ప్రత్యర్థి పడవ 'డిఫెండర్'లోకి అదనపు బరువు ఎక్కించారని, అందుకే అది నీటిలో లోతుగా దిగిందని ఆరోపించాడు. తిరిగి కొలిస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. న్యూయార్క్ యాట్ క్లబ్ విచారణలో ఆరోపణ నిలవలేదు. డన్‌రేవన్ తన గౌరవ సభ్యత్వాన్ని పోగొట్టుకున్నాడు. ఆరోపణ తప్పని తేలినా అది ఎత్తి చూపిన బలహీనత మాత్రం నిజమైనదే, ఎందుకంటే పడవ అడుగున వేసే బరువు, అంటే బల్లాస్ట్, నీటిగీతను మారుస్తుంది, నీటిగీత రేటింగ్‌ను మారుస్తుంది.

ఒక్కో దేశం ఒక్కో సూత్రాన్ని పాటిస్తున్నంత కాలం అంతర్జాతీయ పోటీ అన్న మాటకు అర్థం ఉండదు. ఐరోపా దేశాల క్లబ్బులు ఒకచోట కూడి ఉమ్మడి కొలత పద్ధతిని ఒప్పుకున్నాక 1907లో అంతర్జాతీయ యాట్ రేసింగ్ యూనియన్ ఏర్పడింది. నేడు వరల్డ్ సెయిలింగ్ అన్న పేరుతో ఉన్న సంస్థ అదే. ఆ ఒప్పందం నుంచి పుట్టిన 'మీటర్' తరగతుల్లో ప్రసిద్ధమైనది 12 మీటర్ తరగతి. ఇక్కడ 12 మీటర్లు అన్నది పడవ పొడవు కాదు, ఆ పడవలు దాదాపు 20 మీటర్లు ఉంటాయి. పొడవుకు, పడవ పక్కల వంపును కొలిచే చుట్టుకొలతల తేడాకు రెట్టింపును, తెరచాప వైశాల్యపు వర్గమూలాన్ని కలిపి, నీటిపైన ఉన్న అంచు ఎత్తును తీసివేసి, మిగిలినదాన్ని 2.37తో భాగిస్తే వచ్చే విలువ 12 మీటర్లకు మించకూడదన్నది నియమం. పొడవు పెంచుకున్నవారు తెరచాప తగ్గించుకోవాలి, తెరచాప పెంచుకున్నవారు పొడవు తగ్గించుకోవాలి. రూపకర్తకు స్వేచ్ఛనిచ్చి, ఆ స్వేచ్ఛకు వెల కట్టిన నియమం ఇది. ఈ రంగంలో ఇంత అందమైన ఆలోచన మళ్లీ రాలేదనే చెప్పాలి.

అంతటి నియమం కూడా 1983 అమెరికాస్ కప్‌లో ఒక రెక్క ముందు ఆగిపోయింది. తెరచాప పడవ అడుగున నీటిలోకి నిలువుగా దిగి ఉండే బరువైన పలకను కీల్ అంటారు. గాలి పక్క నుంచి తోసినా పడవ పక్కకు కొట్టుకుపోకుండా, ఒరిగినా బోల్తా పడకుండా కాపాడేది అదే. కీల్ పనిచేసే తీరు విమానం రెక్కను నిలువుగా నిలబెట్టినట్టే ఉంటుంది: దాని ఒక పక్క నీటి పీడనం ఎక్కువగా, మరో పక్క తక్కువగా ఉండి, కొన దగ్గర నీరు ఎక్కువ పీడనం నుంచి తక్కువ పీడనం వైపు చుట్టుకుని సుడులు తిరుగుతూ శక్తిని వృథా చేస్తుంది. 'ఆస్ట్రేలియా 2' పడవకు రూపకర్త బెన్ లెక్సెన్ అమర్చిన కీల్ అడుగున రెండు పక్కలకూ చాచిన రెక్కలు ఉండేవి. అవి సుడులను తగ్గించాయి, సీసపు బరువును మరింత కిందికి చేర్చి పడవ నిలకడను పెంచాయి, పడవ ఒరిగినప్పుడు ఒక రెక్క మరింత లోతుకు దిగి కీల్ లోతు పెరిగినట్టే పనిచేసింది. నియమం లోతును పడవ నిటారుగా ఉన్నప్పుడే కొలుస్తుంది. ఎనభై ఏళ్ల క్రితం 'రిలయన్స్' నీటిపైన చేసిన పనిని ఈ పడవ నీటి అడుగున చేసిందన్న మాట. ఆ కీల్ చెల్లదనీ, దాని రూపకల్పనలో నెదర్లాండ్స్ ప్రయోగశాల సహాయం ఉంది కనుక దేశీయత నియమం తప్పిందనీ న్యూయార్క్ యాట్ క్లబ్ వాదించింది గానీ, కొలతదారులు దాన్ని 12 మీటర్ పడవగానే ధ్రువీకరించి ఉన్నారు. సెప్టెంబరు 26న న్యూపోర్ట్ దగ్గర జరిగిన ఏడో పందెంలో 'ఆస్ట్రేలియా 2' గెలిచి, 4-3 తేడాతో కప్పును సొంతం చేసుకుంది. 132 ఏళ్లుగా అమెరికన్ల చేతిలో ఉన్న కప్పు అది.

ఐదేళ్లకే వివాదం న్యాయస్థానానికి చేరింది. కప్పును దానం చేసినప్పటి పత్రాన్ని అక్షరాలా చదివిన న్యూజిలాండ్ పక్షం దాదాపు 27 మీటర్ల నీటిగీత ఉన్న భారీ పడవతో సవాలు చేయగా, అప్పటికి కప్పు తన చేతిలో ఉన్న శాన్ డియెగో క్లబ్బు రెండు సన్నని దేహాలను పక్కపక్కన కలిపి కట్టిన కాటమరాన్‌ను దించి 2-0తో సులువుగా గెలిచింది. (మన తీరాల 'కట్టుమరం' నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాట అది, అసలు అర్థం దుంగలను కట్టి చేసిన తెప్ప.) రెండు వేర్వేరు జాతుల పడవల మధ్య పోటీ ఎలా అవుతుందన్న ప్రశ్న న్యూయార్క్ న్యాయస్థానాల్లో 1990 వరకు నలిగింది. దానపత్రం కాటమరాన్‌ను నిషేధించలేదు కనుక విజయం చెల్లుతుందని, ఒక ప్రవర్తన చట్టబద్ధమా అన్నది వేరు, క్రీడాధర్మమా అన్నది వేరు అని, రెండోది తేల్చవలసింది క్రీడాలోకమేనని అత్యున్నత రాష్ట్ర న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ తీర్పు సరైనదే. నియమావళిని రాసుకున్నవారు తమ బాధ్యతను న్యాయమూర్తుల మీదికి నెట్టలేరు.

అమెరికాస్ కప్ వివాదాల్లో నష్టపోయింది పరువూ డబ్బే. సముద్రయాన పందేల్లో కొలత నియమం ప్రాణాలతోనూ ముడిపడి ఉంటుంది. 1970లలో దేశాలన్నీ అంగీకరించిన ఐఓఆర్ అనే నియమం పడవ దేహాన్ని కొన్ని నిర్ణీత బిందువుల దగ్గర కొలిచేది; దాంతో సరిగ్గా ఆ బిందువుల దగ్గర ఉబ్బెత్తుగా ఉండి, కొనలు నొక్కినట్టున్న పడవలు తయారయ్యాయి. అంతకంటే ప్రమాదకరమైన సంగతి, నిలకడగా నిలిచే పడవ ఎక్కువ తెరచాపను మోయగలదు కనుక ఆ నిలకడకు కూడా నియమం వెల కట్టింది. రేటింగ్ తగ్గించుకోవడం కోసం రూపకర్తలు పడవల నిలకడనే తగ్గించడం మొదలుపెట్టారు. 1979 ఆగస్టులో ఇంగ్లండ్ నుంచి ఐర్లండ్ దక్షిణాన ఉన్న ఫాస్ట్‌నెట్ శిలను చుట్టి వచ్చే పందేనికి 303 పడవలు బయలుదేరగా, తీవ్రమైన తుపానులో 15 మంది నావికులు మరణించారు, 24 పడవలను సిబ్బంది వదిలిపెట్టారు. ఆ విషాదానికి తుపానే మొదటి కారణం. అందులో చిక్కుకున్న పడవలన్నీ ఒకే తీరువి కూడా కావు. అయినా తరువాత జరిగిన పరిశోధనలు వెడల్పుగా, తేలికగా ఉన్న పడవలు పెద్ద అల తాకిడికి తలకిందులై అలాగే ఉండిపోయే ప్రమాదం ఎక్కువని చూపాయి. భద్రతకు ఉపకరించే గుణాన్ని శిక్షించే నియమం న్యాయమైన నియమం కాదు, దాని గణితం ఎంత చక్కగా ఉన్నా సరే. నేటి సముద్రయాన పందేల్లో కనీస నిలకడ పరీక్షలో నెగ్గని పడవకు ప్రవేశమే లేకపోవడం ఆ అనుభవం నేర్పిన జాగ్రత్త.

ఈ లోగా కొలత స్వభావమే మారింది. 1970ల ద్వితీయార్ధంలో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు పడవ ఆకారాన్ని పూర్తిగా కంప్యూటర్‌లోకి ఎక్కించి, ప్రతి గాలి వేగానికీ, గాలితో పడవ చేసే ప్రతి కోణానికీ తెరచాప మీది బలాన్నీ నీటి నిరోధాన్నీ తూకం వేసి, ఆ రెండూ సమమయ్యే వేగాన్ని కనుక్కునే వేగ అంచనా ప్రోగ్రామ్‌ను రూపొందించారు. కొన్ని బిందువుల దగ్గర కొలవడం పోయి పడవ మొత్తాన్ని లెక్కలోకి తీసుకోవడం వచ్చింది కనుక ఉబ్బెత్తులతో పని లేకుండా పోయింది. మెల్లని గాలిలో బాగా నడిచే పడవకూ ఈదురుగాలిలో బాగా నడిచే పడవకూ ఒకే సంఖ్య అంటగట్టవలసిన అవసరమూ తప్పింది. ఈ మార్గంలో సాగిన ఓఆర్‌సీ పద్ధతి తన లెక్కలను బహిరంగంగా ప్రకటిస్తుంది. బ్రిటన్, ఫ్రాన్స్ క్లబ్బులు కలిసి నడిపే ఐఆర్‌సీ పద్ధతి ఇందుకు పూర్తిగా విరుద్ధం: దాని సూత్రం రహస్యం. సూత్రం తెలియకపోతే సందులు వెతకడం రూపకర్తలకు సాధ్యం కాదు, అందువల్ల పాత పడవలు ఒక్క ఏడాదిలో విలువ కోల్పోవు అన్నది వారి వాదన, అందులో వాస్తవం లేకపోలేదు. అయినప్పటికీ ఓడిపోయిన నావికుడు తన సమయాన్ని ఎలా సవరించారో తానే లెక్కకట్టి చూసుకోగలగడం న్యాయానికి కనీస లక్షణం. బయటపెట్టిన సూత్రాన్ని తరచుగా సవరిస్తూ పోవడం శ్రమే కావచ్చు గానీ, రహస్యం కంటే ఆ శ్రమే మేలు.

పడవల తేడాను లెక్కలతో సరిదిద్దడానికి బదులు తేడానే లేకుండా చేయడం ఇంకో మార్గం. ఒకే అచ్చులో పోసినట్టుండే పడవలతో జరిగే ఈ పోటీలను వన్ డిజైన్ అంటారు. ఎవరు ముందు చేరితే వారే విజేత, సవరణలు ఉండవు. హైదరాబాద్ హుస్సేన్ సాగర్ మీద ఏటా వానాకాలంలో జరిగే పోటీల్లో కనిపించే ఆప్టిమిస్ట్ పడవ ఈ కోవలోదే: 15 ఏళ్ల లోపు పిల్లలకోసం 1947లో అమెరికాలో రూపుదిద్దుకున్న ఈ పడవ దాదాపు 2.3 మీటర్ల పొడవుతో, చదునైన ముక్కుతో తొట్టెలా ఉంటుంది. అక్కడే పెద్దవారు నడిపే లేజర్ పడవను కెనడాకు చెందిన బ్రూస్ కర్బీ గీశాడు. 1996 నుంచి అది ఒలింపిక్ పడవ, పేరు మీద హక్కుల వివాదం వచ్చాక 2019 నుంచి ఐఎల్‌సీఏ అని పిలుస్తున్నారు. అయితే పడవలు సమానమైనప్పుడు అసమానత నావికుడి శరీరంలోకి చేరుతుంది. గాలికి ఒరిగే పడవను నిటారుగా నిలపడానికి నావికుడు అంచు మీద కూర్చుని వెనక్కి వాలుతాడు. అతని బరువే అక్కడ కదిలే బల్లాస్ట్. జోరు గాలిలో బరువైనవారికి, మెల్లని గాలిలో తేలికైనవారికి లాభం. ఒకే పడవ దేహానికి మూడు వేర్వేరు వైశాల్యాల తెరచాపలు పెట్టి ఐఎల్‌సీఏ 4, 6, 7 తరగతులుగా విడదీయడం ఇందుకు పరిష్కారం. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో భారత నావికులు నేహా ఠాకుర్ 4లో రజతం, విష్ణు శరవణన్ 7లో కాంస్యం సాధించారు. కానీ టోక్యో క్రీడల తరువాత ఫిన్ అనే పడవను ఒలింపిక్స్ నుంచి తొలగించడంతో, 90 కిలోలకు పైబడిన భారీకాయులకు తగిన వ్యక్తిగత పోటీ లేకుండా పోయింది. 2024 పారిస్ క్రీడల్లో పురుషులకు నాలుగు, స్త్రీలకు నాలుగు, మిశ్రమంగా రెండు విభాగాలు కల్పించి సమానత్వం సాధించడం ఎంతో ఆలస్యంగా జరిగిన న్యాయం. ఆ న్యాయానికి స్థలం కల్పించేటప్పుడు ఏదో ఒక తరగతి బయటికి పోక తప్పదు గానీ, పోయింది ఒక శరీర ప్రమాణమన్న సంగతిని మరచిపోకూడదు.

పడవల కొలత ఒక ఎత్తు, నీటి మీద ప్రవర్తన మరో ఎత్తు. ఈ క్రీడలో చాలా పోటీలు నడుస్తుండగా మైదానంలో అంపైరు ఉండడు. తప్పు చేసిన నావికుడు తానే గుర్తించి, తానే శిక్ష అనుభవించాలన్నది నియమావళికి పునాది. ప్రత్యర్థి పడవకు అడ్డుపడినవాడు పక్కకు తొలగి, పడవను వెంటనే రెండు చుట్లు తిప్పి, ఆ ఆలస్యాన్ని భరించి పందెం కొనసాగించాలి. అతను ఒప్పుకోకపోతే అవతలివాడు 'ప్రొటెస్ట్' అని కేకవేసి, పెద్ద పడవ అయితే ఎర్ర జెండా ఎగరేసి, ఒడ్డుకు చేరాక జ్యూరీ ముందు వాదించాలి. ప్రధానమైన నియమం ఒకటి ప్రతి బాలుడికీ మొదటి రోజే నేర్పుతారు: గాలి ఎడమ పక్క నుంచి తగులుతున్న పడవ, కుడి పక్క నుంచి తగులుతున్న పడవకు దారి ఇవ్వాలి. ఆ నియమం ఎంత బరువైనదో 2017 సిడ్నీ-హోబర్ట్ పందెం చూపింది. బయలుదేరిన కొద్దిసేపటికే సిడ్నీ రేవులో 'వైల్డ్ ఓట్స్ 11' పడవ, దారి హక్కు ఉన్న 'కొమాంచీ'కి మరీ దగ్గరగా మలుపు తీసుకుంది. శిక్షగా చుట్లు తిరగలేదు. వెయ్యి కిలోమీటర్లకు పైగా సాగిన పందెంలో అదే దాదాపు 27 నిమిషాల ఆధిక్యంతో ముందుగా హోబర్ట్ చేరింది గానీ, జ్యూరీ గంట సమయం జోడించడంతో తొలి పడవ గౌరవం 'కొమాంచీ'కి దక్కింది. మొదట్లోనే రెండు చుట్లు తిరిగి ఉంటే పోయేది కొన్ని నిమిషాలే.

ఈ స్వీయ నియంత్రణ మీద ఆధునికత తెచ్చిన ఒత్తిడి చిన్నది కాదు. నీటి అడుగున విమానం రెక్కల్లాంటి ఫాయిల్స్‌ను అమర్చి, పడవ దేహాన్ని మొత్తంగా నీటిపైకి లేపే పద్ధతి 2013 అమెరికాస్ కప్ నాటికి స్థిరపడింది. నీటిని తాకని దేహం అలను లేపదు కనుక ఫ్రూడ్ లెక్క అక్కడ చెల్లదు, నేటి కప్పు పడవలు గంటకు 90 కిలోమీటర్లు దాటుతున్నాయి. గంటకు 72 కిలోమీటర్ల చొప్పున ఎదురెదురుగా వచ్చే రెండు పడవలు తమ మధ్య ఉన్న 200 మీటర్లను ఐదు సెకన్లలో దాటేస్తాయి. అంత వ్యవధిలో ఎవరి హక్కు ఎవరిదని మనిషి కన్ను తేల్చలేదు. అందుకే 2013లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఇంజినీరు స్టాన్ హనీ బృందం ఉపగ్రహ సంకేతాల ఆధారంగా పడవల స్థానాలను రెండు సెంటీమీటర్ల ఖచ్చితత్వంతో గుర్తించే వ్యవస్థను నెలకొల్పింది. అంపైర్లు తెరల ముందు కూర్చుని తీర్పులు ఇచ్చారు. అంత యంత్రసామగ్రి ఉన్న ఆ పోటీలోనే, ముందు జరిగిన పందేల్లో వాడిన చిన్న పడవలకు ఒరాకిల్ జట్టు సిబ్బంది నియమవిరుద్ధంగా బరువు చేర్చారని తేలి, ఆ జట్టు రెండు పాయింట్లు కోల్పోయి ఫైనల్ ప్రారంభించింది. 1-8తో వెనుకబడి కూడా చివరికి 9-8తో గెలిచింది. 1895లో డన్‌రేవన్ అనుమానించినది 2013లో నిజంగా జరిగిందన్న మాట; కొలత సాధనం ఎంత సూక్ష్మమైనా కొలతకూ పందేనికీ మధ్య ఉండేది మనిషే. మరోవైపు తెరచాపలను సిబ్బంది కండబలంతోనే సర్దాలన్న పాత నియమాన్ని పెద్ద పోటీలు సడలించి, మోటార్లకూ బ్యాటరీలకూ చోటిస్తున్నాయి. గాలితో మాత్రమే పడవ కదలాలన్న మూలసూత్రాన్ని ఇది ఇప్పటికి దెబ్బతీయలేదు గానీ, ఆ గీత ఎక్కడ గీయాలో క్రీడాలోకం త్వరగా తేల్చుకోవాలి.

ఈ నియమావళిలో ఏ కొలతకూ లొంగని ఒక నియమం ఉంది, అది పుస్తకంలో అన్నిటికంటే ముందు ఉంటుంది: ప్రమాదంలో ఉన్నవారికి ప్రతి పడవా చేతనైనంత సహాయం చేయాలి. దానికి జంటగా, ఆ సహాయం వల్ల నష్టపోయినవారికి పరిహారం ఇచ్చే ఏర్పాటు ఉంది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో పూసాన్ తీరాన ఫిన్ తరగతిలో రెండో స్థానంలో ఉన్న కెనడా నావికుడు లారెన్స్ లెమ్యూ, బోల్తా పడిన పడవలోని ఇద్దరు సింగపూర్ నావికులను రక్షించడానికి దారి మళ్లించి వెనుకబడిపోగా, జ్యూరీ ఆ పందెంలో అతనికి రెండో స్థానాన్నే ఇచ్చింది. ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టి వచ్చే వెండే గ్లోబ్ పోటీలో 2020 నవంబరు 30న కెవిన్ ఎస్కోఫియర్ పడవ రెండుగా విరిగినప్పుడు, అతన్ని వెతకడానికి నిర్వాహకులు మళ్లించిన నావికుల్లో యానిక్ బెస్టావెన్ ఒకడు. ఎస్కోఫియర్‌ను చివరికి జాన్ లె కామ్ కాపాడాడు. అంతర్జాతీయ జ్యూరీ బెస్టావెన్‌కు 10 గంటల 15 నిమిషాల పరిహారం ప్రకటించింది. 2021 జనవరి చివర ఫ్రాన్స్‌లోని లె సాబ్ల్ దొలోన్ రేవుకు మొదట చేరినవాడు చార్లీ దాలాన్. బెస్టావెన్ చేరింది మూడోవాడిగా. 80 రోజుల సముద్రయానం తరువాత సమయాలు సవరించి చూస్తే బెస్టావెన్ 2 గంటల 31 నిమిషాల తేడాతో విజేత అయ్యాడు. మొదట గీత దాటిన దాలాన్ రెండో స్థానంలో నిలిచి, నాలుగేళ్ల తరువాత అదే పోటీలో అదే రేవుకు 64 రోజుల 19 గంటల 22 నిమిషాల్లో, అంతకుముందు ఎవరూ చేరనంత త్వరగా చేరి విజేత అయ్యాడు.